మామ పేరు మీద కారు

జనగామ,
24 ఆగస్టు 2025

సాంసన్ మామకు,

నీ మేనకోడలు సంగీత రాస్తున్నది. అమ్మ, నేను బాగున్నాం. అత్తమ్మ పోయాక నువ్వు ఒక్కడివే ఏం వండుకుంటున్నావో, ఏం తింటున్నావో అని అమ్మకు ఒకటే దిగులు.

మొన్న ఫోన్ చేసి నాకు లైసెన్సు వచ్చిందని మూడుసార్లు చెప్పాను. నువ్వు మూడుసార్లూ "ఆఁ ఆఁ, మంచిదే" అన్నావు. సంతోషపడ్డావో, అసలు వినపడనే లేదో నాకు అర్థం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు గనిలో డంపర్ నడిపిన చెవులు, వాటిని ఏమనగలం. మెసేజ్ పెడితే అక్షరాలు కనపడవంటావు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొనుక్కొచ్చాను. ఇకనుంచి మన ముచ్చట్లన్నీ ఇట్లాగే.

విషయానికి వస్తాను. మొదటిసారికే పాసయ్యాను మామా. వెనక్కి తిప్పేటప్పుడు ఒక్క కర్ర కూడా పడలేదు. ఇక్కడ ఒక సారు తన పాత తెల్ల కారు అమ్ముతున్నాడు, ధర కూడా కుదిరింది. అమ్మ నైటీలు, లంగాల మూటలు వేసుకొని అంగళ్లకు తిరిగి తిరిగి సన్నబడిపోయింది. పాలకుర్తి అంగడికి పోవాలంటే ఆటో ఆయన మూటకొక రేటు, మనిషికొక రేటు అంటాడు. పైగా "మూటలు మీద పెట్టు, నువ్వు ఎనక కూసో" అని కసురుతాడు. కారుంటే ఆ మాట పడే పని లేదు. నేను ఎట్లాగూ సర్కారు ఉద్యోగం పరీక్షలకు ఇంట్లోనే చదువుతున్నాను, అంగడి రోజున దింపి తీసుకొస్తాను.

అంతా ఇన్సూరెన్సు దగ్గర ఆగింది. మొదటి ఏజెంటు నా లైసెన్సు మీద తేదీ చూసి పదకొండు వేలన్నాడు. రెండో ఆయన తొమ్మిదిన్నర అన్నాడు. "కొత్త చెయ్యి, అండ్ల ఆడివిల్ల. జర ఎక్కువనే పడ్తది మరి" అని నవ్వాడు. చౌకది ఒకటుందట, కానీ అది ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే వాళ్లకిచ్చేది మాత్రమే. మన కారు నుజ్జయితే మనకేమీ రాదు. అమ్మ దానికి ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలో రాయి.

ఇంకో కోరిక. కారు కొన్నాక నువ్వొచ్చి నాలుగు రోజులు నా పక్కన కూర్చోవాలి. నువ్వు పక్కనుంటే నాకు హైదరాబాదు రోడ్డయినా భయం లేదు.

నీ కోడలు పిల్ల,
సంగీత

*

భూపాలపల్లి,
31 ఆగస్టు 2025

బిడ్డ సంగీతకు,

దేవుడు చల్లగా చూస్తున్నాడు, నేను క్షేమమే. అన్నం, పచ్చిపులుసు, ఎండు చేప. మీ అమ్మతో చెప్పు, దిగులు అవసరం లేదని.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకొని, మూడోసారి పాస్టరు గారికి చదివి వినిపించాను. మన ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవు నువ్వు. మా నాయిన ఎడ్లబండి కూడా సొంతంగా తోలలేదు, కిరాయి బండి తోలాడు.

ఏజెంట్లు చెప్పేదాంట్లో సగం వాళ్ల కడుపు కోసం. నా దగ్గర ఒక కాగితం ఉంది. పోయినేడాది నా కారు అమ్మినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చింది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా క్లెయిమ్ అడగలేదు కాబట్టి, నా పేరు మీద ఇంకో కారు కొంటే, మన బండి నష్టానికి కట్టే భాగంలో సగం తగ్గిస్తామని అందులో ఉంది. మూడేళ్లు చెల్లుతుంది. అయితే అది నా పేరుకే, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. అందుకని కారు నా పేరు మీద కొనండి. నడిపేది నువ్వే. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా తప్పు లేదు. మహబూబాబాద్‌లో మన దిలీప్ ఇన్సూరెన్సు పని చేస్తాడు, మీ అమ్మకు వరసకు అల్లుడే. కాగితం అతనికి పంపుతున్నాను.

ఒక్క మాట. ఆ సగం తగ్గింపు నాకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు గనిలో, పద్దెనిమిదేళ్లు రోడ్డు మీద, నా చక్రం కింద ఒక కోడిపిల్ల కూడా పడలేదు. ఏటా జనవరి ఒకటిన చర్చిలో లేచి నేను చెప్పే సాక్ష్యం అదే. గనిలో రక్షణ వారోత్సవాల్లో ఇచ్చిన గడియారం ఇప్పటికీ గోడకుంది. నా పేరు నీ చేతిలో పెడుతున్నాను, జాగ్రత్త.

రావడం మాత్రం ఇప్పుడు కుదరదు. మోకాళ్లు సహకరించడం లేదు. అసలు నాకు బండి మీదే మనసు పోయింది, అందుకే అమ్మేశాను.

మీ మామ,
సాంసన్

*

జనగామ,
17 సెప్టెంబర్ 2025

మామకు,

కారు వచ్చింది. ఆర్సీ మీద, పాలసీ మీద నీ పేరే. దిలీప్ బావ మొత్తం ఆరున్నర వేలల్లో చేయించాడు. "మామ కాయిదం బంగారం" అని పదిసార్లన్నాడు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బైబిలు కింద దాచింది అమ్మ. పోలీసులు అడిగితే బైబిలు కూడా కారులో తీసుకుపోవాలేమో.

ఇంటి ముందు ఆపిన రోజు అమ్మ డ్రైవరు పక్క సీట్లో కూర్చొని చాలాసేపు దిగలేదు. ఏమైందంటే, "ఏం లే. ఊకెనే కూసున్న" అంది. కళ్లు తుడుచుకుంది.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం పాస్టరమ్మ వచ్చి కారుకు ప్రార్థన చేస్తారు. అమ్మ పట్టు ఏమిటంటే, ప్రార్థన అయ్యాక మొదట నువ్వు నడపాలి. జనగామ చౌరస్తా దాకా పోయి వస్తే చాలు. నీ చేతి బండి అంటే మంచి జరుగుతుందని ఆమె నమ్మకం. మోకాళ్లకు నూనె రాసుకొనైనా రా.

సంగీత

*

భూపాలపల్లి,
29 సెప్టెంబర్ 2025

బిడ్డకు,

ప్రార్థనకు రాలేకపోయాను. ఆ ఆదివారం ఇక్కడ చర్చి సంఘం లెక్కల మీటింగు పడింది. బస్సెక్కే వీలు లేకపోయింది. మీ అమ్మ అలిగి ఉంటుంది, నువ్వే సర్దిచెప్పు.

మొదట ఎవరు నడిపారన్నది ముఖ్యం కాదు. ముందున్న బండికీ మనకూ మధ్య ఒక బండి పట్టేంత చోటు వదలాలి. ఎవడన్నా హారన్ కొడితే ఉలిక్కిపడవద్దు. అద్దాలు చూసుకుంటూ ఉండు. చెవుల కంటే అద్దాలు నమ్మకమైనవి.

సాంసన్

*

జనగామ,
12 అక్టోబర్ 2025

మామకు,

ఈ ఉత్తరం రాయొద్దని అమ్మ అంది. అయినా రాస్తున్నాను.

నువ్వు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో లెక్కల మీటింగు అన్నావు. మహబూబాబాద్ నుంచి దిలీప్ బావ వచ్చాడు, గార్ల నుంచి చిన్నమ్మ వాళ్లు రైలెక్కి వచ్చారు. కారు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి తప్ప అందరూ వచ్చారు. అందరి ముందు అమ్మ "మా అన్నకు మోకాళ్ల నొప్పులు" అని చెప్పుకుంటూ నిలబడింది. చిన్నమ్మ ఊరుకోకుండా, "ఆఫీసర్ల నడుమ తిరిగినోడు, నైటీల మూటలేసే కారు తోల్తడా" అంది.

అమ్మ ఆ మాటకు ఏమీ అనలేదు. నేను అడుగుతున్నాను. నిజమేనా మామా? నీ పేరున్న కారు అంగళ్లకు తిరగడం నీకు నామోషీగా ఉందా? అట్లయితే చెప్పు, పేరు మార్పించుకుంటాం. ఎక్కువ పడితే పడింది.

సంగీత

*

భూపాలపల్లి,
20 అక్టోబర్ 2025

సంగీతకు,

నీ ఉత్తరం చేరింది. దానికి జవాబు చెప్పడం నాకు చేతకాదు. మీ అమ్మ కొమురమ్మ చిన్నప్పుడు నా భుజాల మీద తిరిగిన పిల్ల. ఆమె మూటలు చూసి నేను నామోషీ పడతానని నువ్వు అనుకోగలిగావు. సరే, అనుకో.

వరికోతలు మొదలయ్యాయి. పాలకుర్తి రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు వాళ్లదే. వడ్ల అంచున రాళ్లు పెడతారు, సాయంకాలం అవి కనపడవు. గింజల మీద చక్రం జారుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరుకోండి.

సాంసన్

*

జనగామ,
16 నవంబర్ 2025

సాంసన్ మామకు వందనాలు.

నెల రోజులుగా రాయలేదు, పరీక్షల హడావిడి. పోయినసారి రాసిన మాటలు మనసులో పెట్టుకోకు. మేమంతా బాగున్నాం. అమ్మకు ఈసారి చలికాలం బేరం బాగానే ఉంది. నైటీల కంటే మంకీ క్యాపులు ఎక్కువ పోతున్నాయి. ఒక పెద్దాయన మంకీ క్యాపు పెట్టుకొని చూసి, అద్దం లేదని నా కారు అద్దంలో చూసుకొని, నచ్చలేదని వెళ్లిపోయాడు. అట్లా ఉంటాయి బేరాలు.

కారుకు ఎడమవైపు చిన్న గీత పడింది. ఏమీ కాలేదు, బంపర్ కొంచెం లోపలికి పోయింది, అంతే. మెకానిక్ చూస్తానన్నాడు.

అన్నట్టు నీ లైసెన్సు జిరాక్సు ఒకటి పంపు. పాలసీ ఫైల్లో పెట్టాలట, దిలీప్ బావ అడిగాడు. తొందరగా పంపితే మంచిది. అసలుదే పంపినా సరే, చూసి రిజిస్టర్ పోస్టులో వెనక్కి పంపుతాం.

ఆరోగ్యం జాగ్రత్త మామా. వేడినీళ్లే తాగు.

సంగీత

*

భూపాలపల్లి,
24 నవంబర్ 2025

సంగీతకు,

నిన్న ఆదివారం ప్రార్థన ముగిసి బయటికి వస్తుంటే చర్చి గేటు దగ్గర కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నా పేరు అడిగాడని పెదవులను బట్టి తెలిసింది. తర్వాత ఏదో చాలా చెప్పాడు. నేను తల ఊపాను. వినపడనప్పుడు తల ఊపడం నాకు అలవాటు, అడిగినవాళ్లు సంతోషపడి వెళ్లిపోతారు. ఈసారి అతను వెళ్లలేదు. ఒక కాగితం నా చేతిలో పెట్టి సంతకం చేయించుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసిన తీరు నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకొని చదివాక అర్థమైంది.

నవంబర్ పదకొండు, మంగళవారం, సాయంత్రం ఆరు గంటలకు, పాలకుర్తి రోడ్డు మీద, సాంసన్ అనే నేను కారు నడుపుతూ సాలమ్మ అనే అరవై ఎనిమిదేళ్ల మనిషిని గుద్ది కాలు విరగ్గొట్టానట. లైసెన్సు, ఆర్సీ, పాలసీ తీసుకొని స్టేషనుకు రావాలట. "నువ్వేనా గుద్దింది" అని కానిస్టేబుల్ అందరి ముందు అడిగాడనీ, నేను తల ఊపి ఒప్పుకున్నాననీ పాస్టరు గారు ఈ రోజు కాగితం మీద రాసి చూపించారు.

ఆ మంగళవారం సాయంత్రం నేను వాకిట్లో కూర్చొని ఎల్లిపాయలు ఒలుస్తున్నాను.

కారుకు చిన్న గీత పడిందన్నావు. ఆ గీత సంగతి మొత్తం రాయి. ఒక్క ముక్క దాచకు.

సాంసన్

*

జనగామ,
30 నవంబర్ 2025

మామా,

వందనాలు రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

అంగడి ముగించుకొని వస్తున్నాం. అమ్మ పక్కన ఉంది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. నువ్వు రాసినట్టే సగం రోడ్డు వడ్లే. ఎదురుగా వరికోత మిషన్ వచ్చింది. అది రోడ్డంతా నిండి వస్తుంటే నేను ఎడమకు తిప్పాను. చక్రం వడ్లమీదికి ఎక్కింది, జారింది, రాళ్లకు తగిలింది. అక్కడ ఒకామె వంగి వడ్లు తట్టలోకి ఎత్తుతున్నది. నేను ఆమెను చూశాను మామా. చూసి కూడా బ్రేకు తొక్కలేకపోయాను.

ఇంకో మాట అమ్మకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను వెంటనే ఆపలేదు. రెండు వందల గజాలు అట్లాగే పోయాను. "ఆపే. మనిషే అది, ఆపే" అని అమ్మ నా చెయ్యి పట్టి గుంజింది. అప్పుడు ఆపాను. అమ్మ లేకపోతే ఆపేదాన్నా? ఆ ప్రశ్న నన్ను అన్నం తిననివ్వడం లేదు.

వెనక్కి పోయి ఆమెను, ఆమె కొడుకు ఐలయ్యను మన కారులోనే జనగామ దవాఖానకు తెచ్చాం. మోకాలి పైన ఎముక విరిగింది. రాడ్ వేశారు. ఐలయ్య మంచివాడు, నా మీద చెయ్యెత్తలేదు. మర్నాడు దవాఖానలో, ఇన్సూరెన్సు రావాలంటే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలన్నారు. నేను దిలీప్ బావకు ఫోన్ చేశాను. ఆయన, "మూడు నెల్ల లైసెన్సు మీద క్లెయిమంటే కంపెనీ సవాలక్ష అడుగుతది. నీ సర్కారు నౌకరికి గూడ కేసు అడ్డం పడ్తది. కారు మామది, పాలసీ మామది, ఆయన ముప్పై ఏండ్ల డ్రైవర్. మామనే నడిపిండని రాయించు. ముసలామెకు పైసలస్తయి, నువ్వు బయటపడ్తవ్" అన్నాడు.

స్టేషన్ బయట కాగితం మోకాలి మీద పెట్టుకొని ఐలయ్య నన్ను అడిగాడు. "అక్కా, తోలినోళ్ల పేరు ఏమని రాయాలె?" నేను నీ పేరు చెప్పాను. అతను నా మొఖం కేసి కాసేపు చూసి రాసుకున్నాడు. కారులో మగమనిషే లేడని అతనికీ తెలుసు.

నిన్ను ముందే అడగాల్సింది. అడిగితే నువ్వు వద్దంటావని కాదు, సరే అంటావని తెలుసు. అందుకే అడగలేదు. నువ్వు సరే అన్నాక నీ మొఖం ఎట్లా చూడాలి? జిరాక్సు అడిగిన ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికొచ్చి అద్దం వైపు చూడలేకపోయాను. నువ్వు రాలేదని, బండి నడపలేదని నిన్ను ఎన్ని మాటలన్నాను. ఆ తర్వాత నీ పేరునే అడ్డం పెట్టుకున్నాను.

చర్చి గేటు దగ్గర నువ్వు నిలబడిన తీరు నాకు కనపడుతూనే ఉంది. ఏం చేయమంటే అది చేస్తాను.

సంగీత

*

భూపాలపల్లి,
5 డిసెంబర్ 2025

బిడ్డ సంగీతకు,

కోపం రాలేదని చెప్తే అబద్ధం. ఒక పూట వచ్చింది. తర్వాత నా మీదికే తిరిగింది. ఎందుకో చెప్తాను, కూర్చొని చదువు.

నీ ఉత్తరం అందగానే నేను అనుకున్నది, స్టేషనుకు పోయి నేనే నడిపానని చెప్దామని. ఎట్లాగూ తల ఊపాను. ముసలివాణ్ణి, నాకు ఉద్యోగం అక్కర లేదు, పెళ్లి అక్కర లేదు. చొక్కా కూడా వేసుకున్నాను. కానీ అక్కడ మొదట అడిగేది లైసెన్సు.

నాకు లైసెన్సు లేదు బిడ్డా.

నిరుడు జనవరిలోనే గడువు ముగిసింది. మళ్లీ ఇవ్వాలంటే డాక్టరు సంతకం కావాలన్నారు. డాక్టరు నా వెనక నిలబడి ఏదో అడిగాడట. నేను గోడ చూస్తూ కూర్చున్నాను. ఆయన ముందుకొచ్చి చీటీ మీద రాశాడు, చెవి మిషన్ పెట్టుకొని రండి, సంతకం పెడతానని. అంతే ఆయన అడిగింది. నేను మళ్లీ పోలేదు. గనిలో నలభై మందికి డంపర్ నేర్పినవాణ్ణి, చెవిలో మిషన్ పెట్టుకొని బజారులో తిరగడం నావల్ల కాలేదు. చెవిటోడు అనే మాట నాకు వినపడకపోయినా వాళ్ల పెదాల మీద చదవగలను.

ఇంకా ఉంది. లైసెన్సు లేకుండానే ఆ తర్వాత ఆరు నెలలు కారు నడిపాను. ఒకరోజు పరకాల రోడ్డు మీద నా వెనక అంబులెన్సు ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో నాకు తెలియదు. అద్దంలో చూసి పక్కకు తీశాను. దాటిపోతూ ఆ డ్రైవరు నా వైపు తిరిగి చూశాడు. లోపల ఎవరున్నారో, ఏమయ్యారో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ వారమే కారు అమ్మేశాను. బండి మీద మనసు పోయిందని అందరికీ చెప్పాను. నీకూ అదే రాశాను. మొన్న జనవరి ఒకటిన మళ్లీ లేచి, నా చక్రం కింద ఏ ప్రాణీ పడలేదని సాక్ష్యం చెప్పాను. చెవుల కంటే అద్దాలు నమ్మకమైనవని నీకు పాఠం కూడా చెప్పాను.

కారు ప్రార్థనకు అందుకే రాలేదు. మీ అమ్మ తాళంచెవి చేతిలో పెడితే ఏం చెప్పాలి? నా చెల్లెలి మూటలకు నేను నామోషీ పడతానని నువ్వు అన్నప్పుడు, ఒక్క వాక్యం రాస్తే నీ అపోహ పోయేది. అది రాయడం కంటే నువ్వు నన్ను అట్లా అనుకోవడమే నయమనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి. లైసెన్సు లేనివాడు నడిపాడని తేలితే కంపెనీ సాలమ్మకు కట్టనంటుంది. దిలీప్ నాలుగు పాలసీలు అమ్మినవాడు, నాకు లైసెన్సు ఉందా అని ఒక్కసారి అడగలేదు. అడిగితే ఉందనే చెప్పేవాణ్ణేమో. కంపెనీకి లైసెన్సు కొత్తదా పాతదా అన్నది కాదు, ఆ రోజు చెల్లుతుందా లేదా అన్నది లెక్క. ఆ రోజు చెల్లే లైసెన్సు ఉన్నది నీ ఒక్కదానికే. నిజం చెప్తే సాలమ్మకు ఇన్సూరెన్సు ఉంది. నా పేరు చెప్తే లేదు.

నీ మీద కేసు అవుతుంది. ఉద్యోగం సంగతి ఏమవుతుందో నేను చెప్పలేను. నీకు బదులు నేను పోగలిగితే పోయేవాణ్ణి, ఆ దారి నేనే మూసుకున్నాను. పొమ్మని నిన్ను అడగడానికి నాకు మొఖం లేదు. అయినా అడుగుతున్నాను.

మీ మామ,
సాంసన్

*

జనగామ,
14 డిసెంబర్ 2025

మామకు,

పోయాను. అమ్మ కూడా వచ్చింది. ముందు ఐలయ్య ఇంటికి పోయాం. అతనికి చెప్తే గోడకు ఆనుకొని నిలబడి, "నాతోటి అబద్ధం రాయిస్తిరి గదక్కా. మా అవ్వ పైసలు పోతే నేనేం జేద్దు?" అన్నాడు. అయినా చొక్కా మార్చుకొని మా వెంట వచ్చాడు.

ఎస్సై గారు అరగంట తిట్టారు. ఆడపిల్లవని చూస్తున్నా అన్నారు, చదువుకున్నదానివి కదా అన్నారు. నేను తల దించుకొని నిలబడ్డాను. నేను చేసినదానికి అందులో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. తర్వాత నా మాట, ఐలయ్య మాట మళ్లీ రాయించారు. రెండు వందల గజాలు పోయిన సంగతి కూడా చెప్పాను. అమ్మ నా కొంగు పట్టి లాగింది, అయినా చెప్పాను. కేసు నా పేరు మీదికి మారింది. స్టేషన్‌లోనే బెయిలు ఇచ్చారు. కోర్టుకు పోవాలి. అబద్ధం చెప్పినందుకు వేరే ఏమవుతుందో ఇంకా తెలియదు. ఎస్సై గారు నా లైసెన్సు తీసి చూసి, "గిది సక్కగనే ఉన్నది గదా. మరి గీ నాటకమెందుకు?" అన్నారు. కంపెనీ మనిషి కూడా కాగితాలు తీసుకున్నాడు. టైం పడుతుంది కానీ క్లెయిమ్ నడుస్తుందన్నాడు.

తర్వాత దవాఖానకు పోయాను. సాలమ్మ లేచి కూర్చుంది. కాళ్ల దగ్గర నిలబడి, కారు నడిపింది నేనేనని చెప్పాను. "నాకెర్కలేదా? కారు దిగంగనె అయ్యో అవ్వా అన్నవు. గదేమన్న మొగోని గొంతా?" అంది. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వెప్పుడు జెప్తవో సూద్దామని" అంది. ఆ తర్వాత నా వైపు చూడకుండా, తన వడ్లు తడిసి మొలకలొచ్చాయని, ఎవరూ ఎత్తలేదని కొడుకును తిట్టడం మొదలుపెట్టింది. నన్ను తిడితే బాగుండేది.

నిన్న ఉద్యోగం దరఖాస్తు నింపాను. మీ మీద ఏదైనా కేసు ఉందా అనే గడి ఉంది. ఉంది అని టిక్కు పెట్టాను. చాలాసేపు ఆ టిక్కు చూస్తూ కూర్చున్నాను.

కారు వాకిట్లో ఉంది. తాళంచెవి మేకుకు తగిలించాను. అమ్మ మళ్లీ ఆటోలో పోతున్నది. మూటలు ఎత్తేటప్పుడు నేను సాయం పట్టబోతే, "సదువుకోపో" అంటుంది. నేను మళ్లీ స్టీరింగు పట్టగలనని అనుకోవడం లేదు మామా.

నీ లైసెన్సు సంగతి అమ్మకు చెప్పాను, క్షమించు. ఆమె రేపటి మూట విప్పి మళ్లీ కట్టింది. తర్వాత, "మోకాళ్లు మంచిగనే ఉన్నయన్న మాట" అంది.

సంగీత

*

భూపాలపల్లి,
23 డిసెంబర్ 2025

బిడ్డ సంగీతకు,

పోయిన గురువారం వరంగల్ పోయి చెవి మిషన్ తెచ్చుకున్నాను. కుడి చెవికి. రంగు మన ఒంటి రంగు కాదు, దూరం నుంచే కనపడుతుంది. బస్సులో తిరిగి వస్తుంటే తల బద్దలైంది. ఇంత చప్పుడు నడుమ మీరంతా ఎట్లా బతుకుతున్నారో.

ఆదివారం అది పెట్టుకొని చర్చికి పోయాను. నా వెనక వరసలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "గీయననేనట, ముసల్దాన్ని గుద్ది ఒప్పుకున్నడట" అని ఒకామె. "ఏండ్లసంది సాక్ష్యం జెప్పిండు, సూడు మరి" అని రెండో ఆమె. మిషన్ పెట్టుకున్నాక చర్చిలో నేను విన్న మొదటి మాటలు అవి. ఇన్నాళ్లూ నా వెనక అందరూ మౌనంగా ప్రార్థన చేస్తున్నారనుకున్నాను.

నేను జనవరి ఒకటి దాకా ఆగలేదు. పాస్టరు గారిని అడిగి అప్పుడే లేచాను. సాలమ్మను గుద్దింది నేను కాదని ముందు చెప్దామనుకున్నాను, నోరు రాలేదు. నా తప్పు వదిలి నీ తప్పు చెప్పడానికి నేనెవణ్ణి? లైసెన్సు సంగతి చెప్పాను. అంబులెన్సు సంగతి చెప్పాను. ఇన్నేళ్ల సాక్ష్యంలో కడపటిది అబద్ధమని చెప్పాను. నా గొంతు నాకే వినపడింది. కూర్చున్నాక ఎవరూ ఏమీ అనలేదు. మిషన్ ఆగిపోయిందేమోనని తీసి చూసుకున్నాను. నడుస్తూనే ఉంది.

గోడ మీది గడియారం దించుదామని స్టూలెక్కి, మళ్లీ అక్కడే వదిలేశాను. ఏళ్లుగా వినపడని దాని టిక్కుటిక్కు వినపడింది.

పండుగయ్యాక నేను జనగామ వస్తాను. సాలమ్మను చూడాలి, కారు ఓనరును నేనే కదా. మీ అమ్మ తిట్లు కూడా తినాలి. తర్వాత మేకు మీది తాళంచెవి నువ్వు తీయాలి. నాకు లైసెన్సు లేదు, నేను తోలలేను. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటాను. ఆగస్టులో నువ్వు అడిగింది అంతే కదా.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. ఫోన్ చెయ్యి. ఏ బస్సుకు రావాలో నీ నోటితో చెప్పు. వింటాను.

మీ మామ,
సాంసన్